స్పెల్లింగ్ బీ: పిల్లలు గెలిచినకొద్దీ పెరిగిన పోటీ

పోయిన ఏడాది జూన్‌లో మా ఆడపడుచు కొడుకుని తీసుకుని అమెరికా నుంచి వచ్చింది. వాడు ఏడో తరగతి పూర్తి చేశాడు. పిల్లాడొస్తే ఇల్లంతా సందడిగా ఉంటుందని జంతికలు, అరిసెలు చేసి డబ్బాలు నింపి పెట్టుకున్నాను. రెండో రోజుకే తెలిసిపోయింది, సందడేమీ ఉండదని. పొద్దున్నే ఆరింటికి తల్లీకొడుకులు లాప్‌టాప్ ముందేసుకుని కూర్చునేవాళ్ళు. ఆవిడ ఒక మాట చదివేది. వాడు కళ్ళు మూసుకుని, అరచేతిలో వేలితో రాసుకుంటూ ఒక్కో అక్షరమే చెప్పేవాడు. పొద్దున్న రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు.

మా అత్తగారు వింటూ వింటూ, "ఏమిటే ఈ జపం?" అని అడిగారు.

"స్పెల్లింగ్ బీ అమ్మా. ఎనిమిదో తరగతి దాటితే ఇంక రానివ్వరు. వచ్చే ఏడాదే వాడికి ఆఖరిసారి" అంది మా ఆడపడుచు.

నేను బి.ఏ. తెలుగు చదివినదాన్ని. మనకి గుణింతాలూ ఒత్తులూ వచ్చేస్తే ఎంత కొత్త మాటైనా విన్నది విన్నట్టు రాసేస్తాం. శ, ష, స దగ్గరో, ల, ళ దగ్గరో తడబడతాం, అంతే. ఇంగ్లీషు అలా కాదు. ఫ్రెంచి, లాటిన్, గ్రీకు, జర్మన్, ఎక్కడెక్కడి మాటలో వాటి రాత తీరుతో సహా వచ్చి చేరాయి. పలికేది ఒకటి, రాసేది ఒకటి. అందుకే అక్కడ అక్షరాలు చెప్పడం కూడా పోటీ అయింది. ఇది ఎప్పుడు మొదలైందో, పిల్లలు రోజుకి నాలుగు గంటలు కూర్చునేదాకా ఎలా వచ్చిందో తెలుసుకోవాలనిపించి చదవడం మొదలుపెట్టాను.

'బీ' అనే మాటే నాకు భలే నచ్చింది. పాతకాలం అమెరికాలో ఇరుగుపొరుగు ఒకచోట చేరి బొంతలు కుట్టుకోవడం, మొక్కజొన్న కండెలు ఒలుచుకోవడం లాంటి పనులకి ఆ పేరుండేది. మనం నలుగురం చేరి అప్పడాలు ఒత్తుకోమూ, అలాగన్నమాట. నోవా వెబ్‌స్టర్ 1783లో పిల్లల కోసం స్పెల్లింగ్ పుస్తకం వేశాడు. ఊళ్ళో బళ్ళన్నీ ఆ పుస్తకంతోనే నడిచాయి. తరవాత రోజుల్లో సాయంత్రాలు బడిలో జనం చేరి స్పెల్లింగులు చెప్పుకోవడం ఒక కాలక్షేపమైంది. పెద్దవాళ్ళూ నిలబడేవాళ్ళు, తప్పులు చెప్పేవాళ్ళు, నవ్వుకునేవాళ్ళు.

దేశం మొత్తానికి ఇప్పుడు జరుగుతున్న ఈ పోటీ 1925లో మొదలైంది. లూయిస్‌విల్ నగరంలోని ఒక పత్రిక పూనుకుంటే మొత్తం తొమ్మిది పత్రికలు కలిసి తమ తమ చోట్ల గెలిచిన పిల్లల్ని వాషింగ్టన్ పంపాయి. ఫ్రాంక్ న్యూహౌజర్ అనే పదకొండేళ్ళ పిల్లాడు 'గ్లాడియోలస్' అక్షరాలు సరిగ్గా చెప్పి గెలిచాడు. అదొక పువ్వు పేరు. 500 డాలర్లు బంగారు నాణేలుగా ఇచ్చారు. వందేళ్ళ కిందట దేశం మొత్తం మీద గెలవడానికి పెరట్లో పూసే పువ్వు పేరు వస్తే సరిపోయింది.

అందరికీ అంత సులువుగా ఏం లేదు లెండి. 1936లో ఒహాయో రాష్ట్రం నుంచి మాక్‌నోలియా కాక్స్ అనే పదమూడేళ్ళ నల్లజాతి అమ్మాయి ఫైనల్స్‌కి వెళ్ళింది. మిగతా పిల్లలు దిగిన హోటల్లో ఆమెకి చోటివ్వలేదు. ఆ అమ్మాయి ఓడిపోయిన మాట 'నెమెసిస్'. మొదటిసారి ఒక నల్లజాతి అమెరికన్ అమ్మాయి గెలవడానికి 2021 దాకా పట్టింది.

ఇక మనవాళ్ళ సంగతి. 1965లో అమెరికా వలస చట్టం మారాక మన దేశం నుంచి డాక్టర్లు, ఇంజనీర్లు ఎక్కువగా వెళ్ళారు. ఆ కుటుంబాల పిల్లల్లో మొదట గెలిచింది 1985లో బాలు నటరాజన్. రత్నం చిట్టూరి అనే మన తెలుగాయన 1989లో నార్త్ సౌత్ ఫౌండేషన్ పెట్టారు, ఇండియాలో పేదపిల్లల చదువులకి సాయం చెయ్యడానికి. ఆ సంస్థే 1993 నుంచి అక్కడి మన పిల్లలకి స్పెల్లింగ్ పోటీలు పెట్టింది. వారాంతాల్లో ఊరూరా పోటీలు, అక్కడ గెలిస్తే ఇంకో మెట్టు. అలా తరిఫీదైన పిల్లలు పెద్ద పోటీకి వచ్చేసరికి బెదురు లేకుండా నిలబడ్డారు. 2008 నుంచి 2019 దాకా ప్రతి ఏడాదీ విజేతల్లో మన దేశపు మూలాలున్న పిల్లలున్నారు. 2012లో స్నిగ్ధ నందిపాటి, 2013లో అరవింద్ మహంకాళి, మన ఇళ్ళలో వినబడే పేర్లే.

పోటీ ఎలా ముదిరిందో చూడండి. 1994 నుంచి టీవీలో ఈ.ఎస్.పి.ఎన్. చూపించడం మొదలైంది, ఆటల ఛానల్లో! డిక్షనరీలో 4,70,000కు పైగా మాటలుంటే కంప్యూటర్లో వాటినుంచి జాబితాలు తయారయ్యాయి. డబ్బు తీసుకుని తరిఫీదు ఇచ్చేవాళ్ళు వచ్చారు. 2013లో అర్థాల పరీక్ష కూడా కలిపారు. అయినా 2014, 2015, 2016 మూడేళ్ళూ ఇద్దరేసి గెలిచారు. 2019లో ఇరవై రౌండ్లయినా ఎనిమిదిమంది పిల్లలు తప్పు చెప్పలేదు. ఇంక పరీక్షించగల మాటలు లేవని ఎనిమిదిమందికీ 50,000 డాలర్ల చొప్పున ఇచ్చి పంపారు.

అక్కడితో పెద్దవాళ్ళు సంతోషించి ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. పిల్లలు ఓడకపోతే నియమాలు మార్చారు. 2022లో మొదటిసారి, 90 సెకన్లలో ఎన్ని మాటలు చెప్పగలరో చూశారు. ఒక అమ్మాయి 22 చెప్పింది, పోటీపడ్డ అబ్బాయి 15. రెండేళ్ళకల్లా, 2024లో బృహత్ సోమ అనే పన్నెండేళ్ళ మన తెలుగు పిల్లాడు ఆ 90 సెకన్లలోనే 29 చెప్పాడు. పిల్లలు ఎంత ఎత్తు ఎక్కితే, పెద్దవాళ్ళు నిచ్చెన అంత పైకి జరుపుతూ వచ్చారు.

మా ఇంట్లో ఒక రాత్రి కరెంటు పోతే అందరం డాబా మీదికి చేరాం. వాడు నా పక్కన పడుకుని, "అత్తయ్యా, తెలుగులో స్పెల్లింగ్ బీ ఉంటుందా?" అని అడిగాడు.

"అవసరం లేదు నాన్నా. విన్నట్టే రాస్తాం" అన్నాను గర్వంగా.

కాసేపాగి, "మరి ఇక్కడ పిల్లలు దేంట్లో ఓడిపోతారు?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. మా అమ్మాయి ఆరో తరగతిలో పద్యాల పోటీకి వెళ్ళింది. నేనే నెలరోజులు దగ్గర కూర్చుని కంఠతా పట్టించాను. స్టేజీ ఎక్కాక మూడో పద్యం మధ్యలో ఆగిపోయింది. ఇంటికి వచ్చేదాకా బస్సులో దానితో ఒక్క మాట మాట్లాడలేదు నేను. ఇప్పుడది ఇంజనీరింగ్ చదువుతోంది. ఆ పద్యాలేవీ దానికి గుర్తులేవట, బస్సు మాత్రం గుర్తుందట.

చదివిన చదువు వృథా పోదు, నిజమే. ఫ్రాంక్ న్యూహౌజర్ లాయరయ్యాడు, బాలు నటరాజన్ డాక్టరయ్యారు. మా వాడికీ ఒక మాట చెబితే అది గ్రీకుదో లాటిన్‌దో చెప్పేస్తాడు, వింటుంటే ముచ్చటేస్తుంది. కానీ పోటీలో గెలిచేది ఒక్కరే. మిగతా పిల్లలందరూ తప్పు చెప్పి, గంట మోగాక స్టేజీ దిగి అమ్మ దగ్గరికే రావాలి. అప్పుడు ఆ అమ్మ మొహం ఎలా ఉంటుందన్నది ఏ నియమాల్లోనూ ఉండదు. అది మన చేతిలో ఉన్నది.

ఈ ఏడాది మా వాడు ప్రాంతీయ పోటీలోనే ఆగిపోయాడు. ఆ రాత్రి మా ఆడపడుచు ఫోన్ చేసి, "అయిపోయింది వదినా, మూడేళ్ళ కష్టం" అని ఏడ్చింది. ఏ మాట దగ్గర ఆగాడని నేను అడగలేదు.

"వాడేడీ?" అన్నాను.

"వెనక సీట్లో ఉన్నాడు. ఇంకా ఇంటికి వెళ్ళలేదు, పార్కింగ్‌లోనే ఉన్నాం."

"నాతో తరవాత మాట్లాడుదువుగాని. ఫోన్ పెట్టేసి వెనక సీట్లోకి వెళ్ళి వాడి పక్కన కూర్చో" అన్నాను.