ఉస్మానియా అడవి దాకా వచ్చిన దారి

1930ల్లో భద్రాచలం రేవులో పడవెక్కి గోదావరి దాటితే రాజ్యమే మారిపోయేది. 1860లో నిజాం ఇంగ్లీషువాళ్లకు వదిలేసిన ఎడమ ఒడ్డు మద్రాసు రాష్ట్రం కింద ఏజెన్సీ. కుడి ఒడ్డున బూర్గంపహాడ్, పాల్వంచ నిజాం ఇలాకా, వరంగల్ జిల్లా. రెండు ఒడ్డుల మీదా అవే కోయగూడేలు, అవే తెలుగు పల్లెలు. చదువు మాత్రం వేరు. అవతలి, అంటే మద్రాసు వైపు ఒడ్డు పిల్లవాడికి డిగ్రీ దాకా వెళ్లే యోగం ఉంటే ఇంగ్లీషులో చదవాలి, ఇవతలి వాడు ఉర్దూలో చదవాలి. ఇంట్లో మాట్లాడే భాష ఇద్దరికీ పనికిరాదు.

ఇవతలి ఒడ్డుకు ఉర్దూ తెచ్చిపెట్టిన ఆలోచన నిజానికి చాలా సాహసమైనది. అంతకుముందు హైదరాబాదులో పెద్ద చదువంటే నిజాం కాలేజీ. అది మద్రాసు యూనివర్సిటీకి అనుబంధం, బోధన ఇంగ్లీషులో. సంస్థానం హోం కార్యదర్శి అక్బర్ హైదరీ 1917లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు ఒక విన్నపం సమర్పించాడు. పరాయి భాష నేర్చుకోవడంలోనే కుర్రవాళ్ల శక్తంతా హరించుకుపోతోంది, విషయం తలకెక్కడం లేదు, కాబట్టి దేశభాషలో బోధించే విశ్వవిద్యాలయం కావాలి అన్నది దాని సారాంశం. ఏప్రిల్ 26న ఫర్మానా వెలువడింది. బోధన అంతా ఉర్దూలో, ఇంగ్లీషు మాత్రం ఒక సబ్జెక్టుగా అందరికీ తప్పనిసరి. బ్రిటిష్ ఇండియాలో ఏ విశ్వవిద్యాలయమూ అప్పటికి ఇంతకు తెగించలేదు. ఈ ప్రయత్నాన్ని ఠాగూర్ కూడా మెచ్చుకున్నారు.

ఫర్మానా ఒక్కరోజు పని. చదవడానికి పుస్తకాలేవి? భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, న్యాయశాస్త్రం, ఏదీ ఉర్దూలో డిగ్రీ చదువుకు చాలినంతగా లేదు. అందుకని తరగతుల కంటే ముందు దారుల్ తర్జుమా అనే అనువాద శాఖ పుట్టింది. మౌల్వీ అబ్దుల్ హక్ దానికి పెద్ద. నా లెక్కలో అసలు ఆవిష్కరణ విశ్వవిద్యాలయం కాదు, ఈ కార్యాలయమే. ఒక పక్క శాస్త్రం తెలిసినవాళ్లు, ఒక పక్క భాష తెలిసినవాళ్లు కూర్చుని ఒక్కొక్క పారిభాషిక పదం మీదా వాదులాడుకునేవాళ్లు. అరబీ ధాతువుల నుంచే పదాలు పుట్టించాలని కొందరు పట్టుబట్టారు. ఉర్దూ స్వభావాన్ని బట్టి హిందీ, పారశీక మాటలను కూడా కలుపుకోవచ్చని వహీదుద్దీన్ సలీం వాదించాడు, దాని మీద పుస్తకమే రాశాడు. ఇంత తంతు నడిచాక 1919 ఆగస్టు 28న ఇంటర్మీడియట్ తరగతులు మొదలయ్యాయి. మొదటి జట్టులో 225 మంది విద్యార్థులు. తర్వాత్తర్వాత వైద్యం, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలోనే చెప్పారు. ‘మన భాషల్లో సైన్సు ఎలా కుదురుతుంది?’ అని ఇప్పటికీ అడిగేవాళ్లు ఈ సంగతి ఒకసారి తెలుసుకోవాలి.

చిక్కంతా ‘దేశభాష’ దగ్గరే వచ్చింది. సంస్థానంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లు. మరాఠీవాళ్లు నాలుగో వంతు. ఉర్దూ ఇంటిభాషగా ఉన్నవాళ్లు పదిమందిలో ఒకరు, కాస్త అటూ ఇటూ. హైదరీ వాదన అక్షరాలా నిజమే కానీ దాన్ని ఖమ్మం పిల్లవాడికి వర్తింపజేస్తే జవాబు ఉర్దూ కాదు, తెలుగు. 1934 జూలైలో అడిక్‌మెట్‌లో నిజాం విశ్వవిద్యాలయ భవనాలకు పునాదిరాయి వేశాడు. అదే ఏడాది సంస్థానంలోని తెలుగువాళ్ల మూడో ఆంధ్ర మహాసభ ఖమ్మంలో జరిగింది. కనీసం చిన్న తరగతులైనా మాతృభాషలో చెప్పండి అన్నది ఆ సభలు పదేపదే అడిగిన కోరిక.

ఆ చదువు మనవాళ్లకు దండగ అయిందనుకుంటే పొరపాటే. కవి దాశరథి కృష్ణమాచార్య ఖమ్మం ప్రభుత్వ పాఠశాలలో ఉర్దూ మాధ్యమంలోనే మెట్రిక్యులేషన్ చదివి, ఉస్మానియాలో బి.ఏ. చేశాడు. ఆ ఉర్దూతోనే గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చాడు. నిజాం చదివించిన భాషతో ఖాళీగా కూర్చోలేదు, తన కవిత్వంలో నిజాంనూ వదిలిపెట్టలేదు.

అవతలి ఒడ్డున పెద్ద చదువులోనూ రాజుల చెయ్యి ఉంది. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చాడు. బోధన మాత్రం ఇంగ్లీషే.

అడవికి విశ్వవిద్యాలయం మొదట వచ్చింది పాఠం చెప్పడానికి కాదు, చూసి రాసుకోవడానికి. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగి 1945లో వాళ్ల మీద పుస్తకం వెలువరించాడు. ఆ కాలంలోనే ఉస్మానియాలో ఆచార్యుడయ్యాడు.

1948లో పోలీసు చర్యతో సంస్థానం భారతదేశంలో కలిసింది. ఆ వెంటనే ఉర్దూ పోయింది. దాని స్థానంలోకి తెలుగు రావాలి కదా, ఇంగ్లీషు వచ్చింది! హైదరీ విన్నపంలోని న్యాయాన్ని అటు నిజామూ సగమే పాటించాడు, ఇటు మనమూ పాటించలేదు. అనువాద శాఖ లాంటిది తెలుగుకు 1968లో గానీ రాలేదు. అదే తెలుగు అకాడమి. దాని తొలి అధ్యక్షుడు పి.వి. నరసింహారావు, 1938లో వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు ఉస్మానియా చదువు పోగొట్టుకుని నాగపూర్ వెళ్లి చదువుకున్న మనిషి.

అకాడమి వచ్చిన మరుసటి ఏడాది ఈ గోదావరి సరిహద్దే ఉస్మానియాను కదిలించింది. పాల్వంచ థర్మల్ కేంద్రంలో ఉద్యోగాలు స్థానికులకు దక్కడం లేదన్న కోపం ఖమ్మానికి పాకింది. 1969 జనవరిలో అన్నాబత్తుల రవీంద్రనాథ్ అనే విద్యార్థి అక్కడ నిరాహారదీక్షకు కూర్చున్నాడు. ఆ నిప్పును ఉస్మానియా విద్యార్థులు తెలంగాణ అంతా అంటించారు.

చివరికి విశ్వవిద్యాలయాన్ని అడవి అంచుకు రప్పించింది బొగ్గు. 1871లో ఇల్లందు దగ్గర భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ గుర్తించిన బొగ్గే సింగరేణి గనులకు మూలం. గనులకు ఇంజనీర్లు కావాలి, వాళ్లకు హైదరాబాదులో కూర్చుని గని పాఠం చెబితే చాలదు. 1970ల్లో ఉస్మానియా కింద కొత్తగూడెం స్కూల్ ఆఫ్ మైన్స్ వెలిసింది. తర్వాత అది కాకతీయ విశ్వవిద్యాలయం చేతికి వెళ్లింది. 2025లో తెలంగాణ ప్రభుత్వం ఆ కాలేజీనే డాక్టర్ మన్మోహన్ సింగ్ ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీగా మార్చింది. భద్రాచలం నుంచి అక్కడికి ఇప్పుడు పడవ అక్కర్లేదు. 1965లో వంతెన వచ్చింది, బస్సు దొరుకుతుంది.