ఒంటరిగా క్రూయిజ్ టూరా? రెండో బెడ్ డబ్బులూ మీరే కట్టాలి!

కొయ్యూరు నుంచి నర్సీపట్నం మీదుగా విశాఖ వెళ్లి, తక్కువ ఖర్చులో ఒక్కరే క్రూయిజ్ ఎక్కాలనుకుంటున్నారా? అయితే యాడ్‌లో రేటు చూసి తొందరపడి అడ్వాన్స్ కట్టేయొద్దు. సాధారణంగా అది గదిలో ఇద్దరుంటే మనిషికి పడే రేటు. ఒక్కరే అయితే దాదాపు డబుల్ కూడా కావచ్చు. జీఎస్టీ, పోర్టు ఛార్జీలు, వైఫై చాలావరకు అదనం. చెన్నైలో దింపేసే ప్యాకేజీ అయితే తిరుగు ట్రైన్ టికెట్ మీదే. అందుకే 'ఒక్కరికి మొత్తం ఎంత?' అని అడిగి రాయించుకోవాలి.

టికెట్‌లో ఊరి పేరున్నా అక్కడ దిగుతామన్న గ్యారంటీ లేదు. 2022 జూన్‌లో విశాఖకు వచ్చిన ఎంప్రెస్ షిప్‌కు పుదుచ్చేరి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. ప్రయాణికులు ఒడ్డును దూరం నుంచి చూసి వెళ్లిపోవాల్సి వచ్చింది.

సముద్ర ప్రయాణమే ముఖ్యం, హంగులు అక్కర్లేదంటే విశాఖ–అండమాన్ ప్యాసింజర్ షిప్ ఉంది. బంక్ క్లాస్‌లో బెర్త్ లెక్కనే టికెట్, ఒంటరి అని ఎక్స్‌ట్రా ఉండదు. కాకపోతే రెండు రోజులకు పైగా పెద్ద హాల్లో అందరితో కలిసి పడుకోవాలి. కడుపులో తిప్పే వాళ్లకు అది కష్టమే. పైగా ఈ షిప్ రోజూ ఉండదు. షెడ్యూల్ వచ్చాకే సెలవు పెట్టుకోవాలి.