ఆ జట్టుకూ యాభై ఏళ్లే

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా చరిత్ర రాయమని మిత్రులు అడిగారు. నేను ఇంజినీరుని, చరిత్రకారుణ్ణి కాను. అందుకే ఉద్యోగరీత్యా అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో ఉన్నప్పుడు తెలుసుకున్న ఒక జట్టు కథ చెబుతాను. దాని వయసు ఇంచుమించు మన సంఘం వయసే.

1972లో అమెరికాలో ‘టైటిల్ నైన్’ చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థలు ఆడా మగా తేడా చూపకూడదన్నది దాని సారం. చట్టంలో ఆటల మాటే లేదు. అయినా కాలేజీ ఆటలు చదువులో భాగమే కాబట్టి అమ్మాయిలకూ చోటివ్వక తప్పలేదు. 1975–76లో యూటా విశ్వవిద్యాలయంలో అమ్మాయిల జిమ్నాస్టిక్స్ జట్టు మొదలైంది. అక్కడే పైచదువు చదువుతున్న గ్రెగ్ మార్స్‌డెన్‌కు శిక్షణ బాధ్యత అప్పగించారు.

ఆ జట్టు 1981లో జాతీయ విజేత అయింది. 1982లో ఎన్‌సీఏఏ తొలిసారి మహిళల జిమ్నాస్టిక్స్ పోటీలు పెడితే అందులోనూ గెలిచింది. 1986 దాకా ఆ కప్పు వదల్లేదు. మళ్లీ 1990, 1992, 1994, 1995లలో గెలిచింది. మార్స్‌డెన్ జనాన్ని రప్పించడం కూడా తన పనే అనుకున్నారు. పోనుపోను ఈ అమ్మాయిలను చూడటానికి పదివేలమందికి పైగా రావడం మామూలైపోయింది. ఆ జట్టులో ఆడిన మేగన్ తర్వాత దానికే కోచ్ అయ్యారు. మార్స్‌డెన్ 2015లో విరమించారు.

ఈ పోటీల్లో నాకు నచ్చిన నియమం ఒకటుంది. ఒక్కో విభాగంలో ఆరుగురు ఆడితే ఐదుగురి మార్కులే లెక్క. ఒకరు జారిపడినా మిగతావాళ్లు జట్టును నిలబెడతారు. పడతానన్న భయం కొంత తగ్గుతుంది.

ఇదంతా చదువుతుంటే నాకు మన బడి గుర్తొచ్చింది. మా రోజుల్లో డ్రిల్ పీరియడంటే మగపిల్లలకు బంతి, ఆడపిల్లలకు చెట్టు నీడ. వాళ్లను ఎవరూ ఆడొద్దనలేదు, ఆడమనీ అనలేదు. మా తరగతిలో మా అందరికంటే వేగంగా పరిగెత్తే అమ్మాయి ఒకరుండేది. ఎంత వేగమో ఎవరూ కొలవలేదు. బంతి పట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ‘నువ్వూ రా’ అని పిలవాలని నాకూ తోచలేదు.

2018లో మన హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణారెడ్డి మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో వాల్ట్‌లో కాంస్యం గెలిచింది. చోటిస్తే మన పిల్లలూ ఎగరగలరు.

స్వర్ణోత్సవ నిధిలో మిగిలే సొమ్ముతో స్వాగత తోరణం కట్టిద్దామంటున్నారు. నా మనవి ఒక్కటే. ముందు ఆడపిల్లలకు నాలుగు మ్యాట్‌లు కొని, వారానికి రెండుసార్లు నేర్పే ఒక టీచరమ్మను పెడదాం. నా వంతు చందా ఇప్పటికే పంపాను.