యానిస్ జెనాకిస్: సంగీతానికీ కట్టడానికీ ఉమ్మడి రేఖ

ప్రవేశిక

యానిస్ జెనాకిస్‌ను (1922–2001) సంగీత చరిత్ర ఇరవయ్యో శతాబ్దపు ప్రధాన స్వరకర్తలలో ఒకరిగా గుర్తిస్తుంది. వాస్తుశిల్ప చరిత్రలో మాత్రం ఆయన పేరు చాలాకాలం లె కొర్బూజియే సహాయకుల వరుసలోనే కనిపించింది. ఆయన జీవితాన్ని 1959 దగ్గర రెండుగా విడదీసి, అంతకుముందు వాస్తుశిల్పి అనీ, ఆ తర్వాత స్వరకర్త అనీ చెప్పడం పరిపాటి. ఈ విభజన చెప్పుకోవడానికి అనువైనదే. కాని ఆయన రచనలను కాలక్రమంలో పరిశీలిస్తే ఇది నిలవదు. జెనాకిస్ కట్టడం మానలేదు; కట్టే పదార్థాన్ని మార్చుకున్నాడు. ఈ వ్యాసం ఆ విషయాన్ని నిరూపించే ప్రయత్నం.

ప్రవాసం, ఉద్యోగం

జెనాకిస్ రుమేనియాలోని బ్రయిలాలో గ్రీకు కుటుంబంలో జన్మించాడు. ఏథెన్స్ పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగ్ చదువుతూ నాజీ ఆక్రమణకు వ్యతిరేకంగా ప్రతిఘటనోద్యమంలో పాల్గొన్నాడు. 1944 డిసెంబరులో బ్రిటిష్ సేనలకూ వామపక్ష దళాలకూ మధ్య మొదలైన వీధిపోరాటాలలో ట్యాంకు గుండు తగిలి ఎడమకన్ను కోల్పోయాడు. 1947లో దేశం విడిచి ఫ్రాన్సు చేరాడు. స్వదేశంలో ఆయనకు పరోక్షంలోనే మరణశిక్ష విధించారు. సైనిక పాలన కూలిన 1974లో గాని ఆయన తిరిగి గ్రీసులో అడుగుపెట్టలేకపోయాడు.

పారిస్‌లో బతుకుతెరువు కోసం లె కొర్బూజియే కార్యాలయంలో ఇంజనీరుగా చేరాడు. మొదట కాంక్రీటు నిర్మాణాల బలాబలాలు లెక్కకట్టడమే ఆయన పని. క్రమంగా రూపకల్పన బాధ్యతలు కూడా వచ్చాయి. లియాన్ సమీపంలోని లా తురెత్ మఠానికి ఆయన రూపొందించిన గాజుగోడలలో నిలువు కమ్మీల మధ్య ఎడం ఒకచోట దగ్గరగా, మరొకచోట దూరంగా ఉంటుంది. ఆ ఎడంలోని హెచ్చుతగ్గులు కంటికి లయగా తోస్తాయి. ఇదే తరహా గాజుగోడలు చండీగఢ్ భవనాలలోనూ కనిపిస్తాయి.

సంగీతంలో ఆయనకు సంప్రదాయ శిక్షణ తక్కువ. గురువుగా ఆశ్రయించిన ఒలివియే మెస్సియాన్, ఆ లోటు పూడ్చుకోవడానికి పాఠాలు మొదటినుంచి చదవనక్కర లేదనీ, తనకు తెలిసిన గణితాన్నీ వాస్తుశిల్పాన్నీ సంగీతంలోకి తెచ్చుకొమ్మనీ సలహా ఇచ్చాడు. జెనాకిస్ భావి కృషికి ఈ సలహా దారి చూపింది.

మెటాస్టాసిస్ నుంచి ఫిలిప్స్ మంటపం వరకు

1953–54లో రచించి, 1955లో జర్మనీలోని డోనావెషింగెన్‌లో తొలిసారి ప్రదర్శించిన ‘మెటాస్టాసిస్’ 61 మంది వాద్యకారుల కృతి. అందులో 46 తంత్రీవాద్యాలకు ఎవరి భాగం వారికి విడిగా ఉంటుంది. ఒక స్వరం నుంచి మరొక స్వరానికి తెగకుండా జారే గ్లిసాండో ఇందులో ప్రధానం. కర్ణాటక సంగీతంలోని ‘జారు’ దీనికి కొంత దగ్గర. అయితే జారు ఒక గాయకుడి గమకం. ఇక్కడ పదుల సంఖ్యలో వాద్యాలు వేర్వేరు వేగాలతో ఏకకాలంలో జారుతాయి. జెనాకిస్ ఈ భాగాలను గ్రాఫు కాగితం మీద గీశాడు. అడ్డంగా కాలం, నిలువుగా స్థాయి. ఒక్కొక్క వాద్యం ఒక్కొక్క సరళరేఖ. ఆ రేఖలన్నీ కలిసినచోట వక్రతలం ఏర్పడింది.

1956లో ఫిలిప్స్ సంస్థ 1958 నాటి బ్రసెల్స్ ప్రపంచ ప్రదర్శన కోసం ఒక మంటపం నిర్మించమని లె కొర్బూజియేను కోరింది. చండీగఢ్ పనులలో తలమునకలై ఉన్న ఆయన భవన రూపకల్పనను జెనాకిస్‌కు అప్పగించాడు. జెనాకిస్ ఎన్నుకున్న రూపం హైపర్బోలిక్ పారబొలాయిడ్. సరళరేఖల కదలికతోనే పుట్టే వక్రతలం అది. కాగితం మీద స్వరాలుగా ఉన్న రేఖలు ఇక్కడ పలుచని కాంక్రీటు పలకల గోడలయ్యాయి. లోపల ఎడ్గార్ వరేజ్ ఎలక్ట్రానిక్ సంగీతం, లె కొర్బూజియే ఎంపిక చేసిన చిత్రాలు, రంగుల వెలుగులు కలిసి ఎనిమిది నిమిషాల ప్రదర్శనగా సాగేవి. ప్రేక్షకులు వచ్చిపోయే వ్యవధిలో వినిపించిన ‘కాంక్రెట్ పీహెచ్’ జెనాకిస్‌దే. కాలుతున్న బొగ్గుల చిటపటలే దానికి మూలధ్వని.

ఈ కట్టడానికి కర్త ఎవరన్న వివాదం అప్పుడే తలెత్తింది. తన పేరు ప్రకటించాలని జెనాకిస్ పట్టుబట్టాడు. చివరికి లె కొర్బూజియే ఆయన భాగస్వామ్యాన్ని అంగీకరించాడు. 1959 ఆరంభంలో మంటపాన్ని కూల్చివేశారు. ఆ సంవత్సరమే జెనాకిస్ కార్యాలయంతో సంబంధం తెగిపోయింది.

పాలిటోపులు

‘పాలిటోప్’ అన్న గ్రీకు సమాసానికి బహుస్థలమని అర్థం. 1967లో మాంట్రియల్ ప్రదర్శనలోని ఫ్రెంచి మంటపంలో ఆయన ఉక్కు తీగలతో వక్రతలాలు అల్లి, వాటిపై దాదాపు 1200 దీపాలు అమర్చాడు. బ్రసెల్స్‌లో గోడకు రూపమిచ్చిన జ్యామితి ఇక్కడ కాంతికి ఆధారమైంది. 1972లో పారిస్‌లోని క్లూనీ రోమన్ స్నానశాలలో లేజర్ కిరణాలు, వందలాది దీపాలు ప్రాచీన కమానుల కింద మరో కట్టడాన్ని క్షణక్షణం నిర్మించి చెరిపాయి. 1978లో పాంపిదూ కేంద్రం ముందు వెలసిన ‘డయాటోప్’లో గుడారమూ, వెలుగూ, సంగీతమూ మూడూ ఆయన రూపొందించినవే. బ్రసెల్స్‌లో ముగ్గురి మధ్య పంచిన పనిని ఇరవై ఏళ్ల తర్వాత ఆయన ఒక్కడే చేపట్టాడు.

ఈ క్రమంలో 1977 నాటి ‘యూపిక్’ యంత్రం తార్కికమైన తదుపరి మెట్టు. పలక మీద గీసిన గీతను కంప్యూటరు నేరుగా ధ్వనిగా మార్చేది. మరుసటి సంవత్సరం వెలువడిన ‘మిసెన్ ఆల్ఫా’ దానితో రచించిన కృతి.

ముగింపు

లా తురెత్ నేటికీ నిలిచి ఉంది. బ్రసెల్స్ మంటపం, డయాటోప్ లేవు. పాలిటోపుల కాంతి ప్రదర్శన ముగిసిన క్షణమే ఆరిపోయింది. నిలిచిన భవనాన్నే ప్రమాణంగా తీసుకుంటే జెనాకిస్ వాస్తుశిల్పం 1959తో ఆగినట్లే కనిపిస్తుంది. రేఖాచిత్రాలను ప్రమాణంగా తీసుకుంటే మెటాస్టాసిస్ గ్రాఫు నుంచి యూపిక్ పలక వరకు సాగిన ఒకే ప్రయత్నం కనిపిస్తుంది. బహుమాధ్యమ కళ చరిత్రలో కృతి చాలాసార్లు కాలంతో పోతుంది, దాని రచనాపత్రమే మిగులుతుంది. అందువల్ల గీతను కృతికి సన్నాహంగా కాక ప్రథమ సాక్ష్యంగా చదవవలసి ఉంటుంది. సహాయకుల వరుసలో మరుగునపడిన పేరును దాని స్థానంలో నిలపగలిగే ఆధారం కూడా అదే.