కుఫ్రా దారిలో ఖదీజా

1921లో లండన్‌లో ఒక యాత్రాగ్రంథం వెలువడింది. పేరు ‘సహారా రహస్యం: కుఫారా’. రచయిత్రి రోజిటా ఫోర్బ్స్. పుస్తకానికి ముందుమాట రాసింది సర్ హ్యారీ జాన్‌స్టన్, ఆఫ్రికాలో బ్రిటిష్ అధికారిగా పేరు మోసినవాడు. ఒక స్త్రీ ఎడారి దాటి వచ్చానంటే నిజమేనని పూచీ పడటానికి ఒక మగవాడి సంతకం కావలసిన రోజులవి. ఆ తరువాత వచ్చిన స్త్రీ యాత్రికుల సంకలనాలన్నీ దాదాపుగా ఆమెను ఒకే వాక్యంలో పరిచయం చేస్తూ వచ్చాయి: కుఫ్రా చేరిన మొదటి పాశ్చాత్య స్త్రీ. వాక్యంలో అబద్ధం లేదు. నా పేచీ ‘మొదటి’ అన్న మాటతో కాదు. ఆ మాట తన వెనకాల ఎంతమందిని నిలబెట్టేసిందన్నదే ఈ వ్యాసం.

కుఫ్రా ఇవాళ్టి లిబియాకి ఆగ్నేయాన ఉన్న ఒయాసిస్సుల గుంపు. బెంఘాజీ నుంచి తిన్నగా కొలిచినా 900 కిలోమీటర్లకు పైనే. నడుమ రోజుల తరబడి బావి తగలని ఇసుక. అక్కడ మొదటినుంచీ ఉన్నది తెబూ జాతి. 19వ శతాబ్దంలో జువాయా అనే అరబ్బు తెగ వారిని నెట్టి ఖర్జూరపు తోటల్ని స్వాధీనం చేసుకుంది. 1895లో సెనూసీ అనే సూఫీ సంప్రదాయ గురువు ముహమ్మద్ అల్ మహదీ తన పీఠాన్ని జగ్‌బూబ్ నుంచి కుఫ్రాకి మార్చుకున్నాక, లోయ పైన కొండ అంచున ఉన్న తాజ్ పుణ్యస్థలమైంది. పరాయివాళ్ళకి ప్రవేశం లేదు. 1879లో వెళ్ళిన జర్మన్ యాత్రికుడు గెర్‌హార్డ్ రోల్ఫ్స్‌ని దోచుకున్నారు, ప్రాణాలతో బయటపడ్డాడు. అందుకని యూరప్ భౌగోళికుల పటాల్లో ఆ ప్రాంతం నలభై ఏళ్ళపాటు ఊరించే ఖాళీగా మిగిలిపోయింది.

ఆ ఖాళీలోకి 1920 డిసెంబరులో, అజ్‌దాబియా నుంచి, రాత్రి చీకట్లో బయలుదేరింది రోజిటా. 1890లో లింకన్‌షైర్‌లో పుట్టింది. 1911లో ఫోర్బ్స్ అనే సైనికాధికారిని పెళ్ళాడి 1917లో విడాకులు తీసుకుంది. 1921లో మళ్ళీ పెళ్ళి చేసుకుంది గానీ పుస్తకాల మీద చివరిదాకా నిలిచింది వదిలేసిన భర్త ఇంటిపేరే. (రచయిత్రుల పేర్ల చరిత్ర ఎవరైనా రాస్తే ఇదొక అధ్యాయం కావాలి.) ఇటాలియన్ అధికారుల కళ్ళు కప్పి ఇంగ్లీషు దుస్తులు విప్పేసి, అరబ్బు స్త్రీల దుస్తుల్లో ‘సిత్ ఖదీజా’ అయింది. తల్లి సర్కేషియన్ అని కథ అల్లుకున్నారు, అరబ్బీ ఉచ్చారణలో తేడాలకి సాకుగా. బట్టల మడతల్లో కెమెరా దాచుకుంది.

ముసుగు గురించి మన పత్రికల్లో చాలా చర్చ జరిగింది. ఇక్కడ అది తిరగబడి కనిపిస్తుంది. లండన్‌లో ముసుగు లేని రోజిటాకి దొరకని స్వేచ్ఛని అజ్‌దాబియాలో ముసుగు ఇచ్చింది. ముసుగు వెనక ఉన్న స్త్రీని ఎవరూ తేరిపార చూడరు, ఎవరి కూతురివని నిలదీయరు. ఆ మర్యాదని ఆమె రహదారి పత్రంలా వాడుకుంది. అయితే ఆ ముసుగుని ఆమె వేసుకోగలదు, తీసేయగలదు. ప్రయాణం ముగిసి ఈజిప్టులోని సీవా చేరాక తీసేసింది కూడా. అదే ముసుగులో పుట్టి పెరిగిన స్త్రీకి ఆ రెండో సగం లేదు.

ఇక అహ్మద్ హసనైన్. ఈ కథలో నన్ను బాగా ఇబ్బంది పెట్టిన మనిషి. 1889లో కైరోలో పుట్టిన ఈజిప్షియన్, ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, ఒలింపిక్స్‌లో కత్తియుద్ధం చేశాడు. 1917లో బ్రిటిష్ వాళ్ళు సెనూసీ నాయకుడు ఇద్రీస్‌తో మాట్లాడటానికి పంపిన బృందంలో ఉన్నాడు. ఇద్రీస్‌తో పరిచయం అతనిది, భాష అతనిది, మతం అతనిది. ఇద్రీస్ అనుమతి లేనిదే ఏ బావి దగ్గరా బిడారు ఆగే వీలు లేదు. దారి తప్పి, నీళ్ళు అయిపోవచ్చి, మనుషుల మధ్య అనుమానాలు రగిలినప్పుడు మాట్లాడి నిలబెట్టవలసింది ఆ భాష వచ్చినవాడే. రోజిటా పుస్తకాన్ని అతనికే అంకితమిచ్చింది, అది కాదనలేం. కానీ లోపలి పేజీల్లో అతను సహచరుడు, కొన్నిచోట్ల నవ్వు పుట్టించే పాత్ర. దండయాత్ర మాత్రం ఆమెది. పత్రికల్లోకి, ఉపన్యాసాల్లోకి వచ్చేసరికి ఆ అంకితం కూడా మిగల్లేదు. అప్పట్లో బాగ్దాద్‌లో పనిచేస్తున్న గెర్‌ట్రూడ్ బెల్ ఈ విషయం మీద ఉత్తరాల్లో కోపంగా రాసింది. అసలు నాయకుడు హసనైనే అన్నది ఆమె వాదన. బెల్ స్త్రీల ఓటుహక్కుని వ్యతిరేకించిన మనిషి, సామ్రాజ్య సేవకురాలు. ఆమె కోపాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అయినా ఈ ఒక్కచోట ఆమె చూపు సరిగానే ఉంది.

రోజిటా ఎందుకలా చేసింది? గొప్పలు చెప్పుకునే స్వభావం అని తేల్చేయడం సులువు. విమర్శకులు చేసిందదే. మగ యాత్రికుడి గొప్పలకి మాత్రం ‘సాహసం’ అనే గౌరవమైన పేరుంటుంది. లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ 1892, 93లలో 22 మంది స్త్రీలని సభ్యులుగా చేర్చుకుని, గొడవ లేవగానే తలుపులు మూసేసింది. మూయించిన వాళ్ళలో ముఖ్యుడు కర్జన్, తరువాత మనకి వైస్రాయ్‌గా వచ్చిన కర్జనే. ఆ తలుపులు మళ్ళీ తెరుచుకున్నది 1913లో, అతనే అధ్యక్షుడిగా ఉండగా. అలాంటి చోట ఒక విడాకులు పొందిన స్త్రీ ‘ఒక ఈజిప్షియన్ నన్ను తీసుకెళ్ళాడు’ అని చెబితే ఆమె యాత్రికురాలు కాదు, సామాను అవుతుంది. ఒంటరిగా వెళ్ళానని చెప్పుకోవటం ఆమెకి బతుకుతెరువు కూడా. అర్థమవుతుంది. కానీ ఆమె తన్నుకు పైకెక్కిన మెట్టు మరొకరి భుజమన్న సంగతి అర్థం చేసుకున్నంత మాత్రాన మాసిపోదు. లింగ వివక్షకి జవాబు జాతి ఆధిక్యంలో వెతుక్కున్న ఆడవాళ్ళని మన దేశ చరిత్రలోనూ, మేమ్‌సాహెబుల రచనల్లో, చూశాం. రోజిటా 1939లో మన సంస్థానాల మీద ‘ఇండియా ఆఫ్ ది ప్రిన్సెస్’ అనే పుస్తకమూ రాసింది.

హసనైన్ 1923లో తనంతట తాను కుఫ్రా వెళ్ళి, అక్కడినుంచి దక్షిణానికి సాగి అర్కెను, ఉవైనాత్ కొండల్ని పటాలకెక్కించాడు. 1924లో అదే సొసైటీ అతనికి బంగారు పతకం ఇచ్చింది. రోజిటాకి ఇవ్వలేదు. ఆ రెండు వాక్యాలనీ పక్కపక్కన పెట్టుకుని ఒక వైపుకి మొగ్గడం నా వల్ల కాలేదు.

ఆమెకి ముందు వెళ్ళినవాళ్ళని తలుచుకుంటే ఈ తికమక ఇంకా పెరుగుతుంది. అలెగ్జాండ్రిన్ టినె హేగ్ నగరపు సంపన్నురాలు, 1869లో ముర్జుక్ నుంచి ఘాట్‌కి పోతూ దారిలో హత్యకి గురైంది. ఇజబెల్ ఎబర్‌హార్ట్ మగవేషంలో, సీ మహ్మూద్ అనే పేరుతో అల్జీరియా ఎడారుల్లో తిరిగి, 1904లో ఐన్ సెఫ్రాలో 27 ఏళ్ళకి వరదలో చనిపోయింది. ఎడారిలో వరద! ఎబర్‌హార్ట్ ఇస్లాంలోకి వెళ్ళి, అల్జీరియన్ని పెళ్ళాడి, ఆ పేదల మధ్యే బతికింది. వేషం ఆమెకి చివరికి ఒంటికి అతుక్కుపోయిన చర్మం. రోజిటాకి వేషం వేషమే.

ఇంతకీ కుఫ్రా స్త్రీలు ఏరి? రోల్ఫ్స్ గానీ హసనైన్ గానీ ఏ మగవాడూ అడుగు పెట్టలేని లోపలి వాకిళ్ళు రోజిటాకి తెరుచుకునే అవకాశం ఉంది. పుస్తకంలో పెద్దభాగం మాత్రం దారులు, దిక్సూచి లెక్కలు, పెద్దమనుషుల విందులు, రాజకీయం. మగ సొసైటీ ఏది అడుగుతుందో అదే రాసింది. వెనకాల తోటల్లో పనిచేసిన బానిసలు ఉన్నారు. వదాయ్ నుంచి కుఫ్రా మీదుగా బెంఘాజీకి పోయే బిడారు దారి ఏనుగు దంతాలకీ, ఉష్ట్రపక్షి ఈకలకీ ఎంత పేరుపడిందో మనుషుల అమ్మకానికీ అంతే. 1909లో ఫ్రెంచివాళ్ళు వదాయ్ రాజధాని అబేషేని పట్టుకున్నాక ఆ వ్యాపారం సన్నగిల్లింది, పూర్తిగా ఆగలేదు. ఆ దారిన నడిచి వచ్చిన వాళ్ళలో ఆడవాళ్ళూ, ఆడపిల్లలూ ఎందరో. రోజిటా ఒంటె మీద దాటిన ఇసుకనే వాళ్ళు కాలినడకన దాటారు. వాళ్ళ పేరున ఏ దారీ లేదు.

1931 జనవరిలో ఇటలీ సైన్యం, విమానాలతో సహా, కుఫ్రాని ఆక్రమించింది. ఊరు విడిచి పారిపోయిన కుటుంబాలు పిల్లలతో, ముసలివాళ్ళతో తూర్పుకీ దక్షిణానికీ ఎడారిలో పడ్డాయి. కొందరు హసనైన్ పటానికెక్కించిన ఉవైనాత్ వైపు నడిచారు, కొందరు ఈజిప్టులోని దాఖ్లా ఒయాసిస్సు దాకా చేరగలిగారు, చాలామంది మధ్యలోనే నీళ్ళు లేక రాలిపోయారు. ఉవైనాత్ ప్రాంతంలో సర్వే చేస్తున్న పాట్రిక్ క్లేటన్ అనే బ్రిటిష్ సర్వేయరు వాళ్ళలో కొందరిని తన మోటారు బళ్ళలో ఎక్కించుకుని కాపాడాడు.