నాలుగవ హెన్రీ (నాటకం)

షేక్‌స్పియర్ రెండు భాగాలుగా రాసిన చారిత్రక నాటకం. మొదటి భాగం 1596–97 ప్రాంతంలోనూ, రెండోది ఆ వెంటనే రాశాడని పండితుల లెక్క.

1399లో రెండవ రిచర్డును దించి గద్దెనెక్కిన హెన్రీకి ఆ కిరీటం కంటి మీద కునుకు రానివ్వదు. పాపపరిహారంగా జెరూసలేముకు దండెత్తుదామంటే తిరుగుబాట్లు కదలనివ్వవు. యువరాజు హాల్ మాత్రం లండన్ ఈస్ట్‌చీప్ పానశాలలో, సర్ జాన్ ఫాల్‌స్టాఫ్ అనే బానపొట్ట ముసలాయన పక్కన కూర్చుని ఉంటాడు.

కథకు ముఖ్యాధారం హోలిన్‌షెడ్ చరిత్ర, 1587 నాటి రెండవ కూర్పు. చరిత్రలో తిరుగుబాటు వీరుడు హాట్‌స్పర్ 1364లో పుట్టాడు, రాజుకన్నా పెద్దవాడు. నాటకంలో యువరాజు ఈడువాడయ్యాడు. 1403 జూలై 21న ష్రూస్‌బరీ పోరులో అతడు పడిపోవడం నిజమే. యువరాజు చేతిలో అన్నది కవి కల్పన.

ఫాల్‌స్టాఫ్ తొలి పేరు ఓల్డ్‌కాజిల్. అదే పేరుగల లొల్లార్డును, అంటే చర్చి సంస్కరణ కోరిన క్రైస్తవ శాఖవాణ్ణి, 1417లో చంపారు. వారసులైన కోబమ్ ప్రభువులు అభ్యంతరం చెప్పడంతో పేరు మారిందంటారు. ఆ హతసాక్షి ఇతడు కాడని రెండో భాగం భరతవాక్యంలో ప్రత్యేకంగా చెప్పించాల్సి వచ్చింది. మొదటి భాగం 1598 ఫిబ్రవరి 25న పుస్తక విక్రేతల పట్టీకెక్కి, అదే ఏడు అచ్చయింది. 1599, 1604, 1608, 1613, 1622లలో మళ్ళీ మళ్ళీ వేశారు. పాఠకాదరణకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

నాటకానికి ఆయువుపట్టు పానశాల రంగం. ఫాల్‌స్టాఫ్ స్టూలును సింహాసనం, బాకును రాజదండం, దిండును కిరీటం చేసుకుని రాజు వేషం కడతాడు. తర్వాత యువరాజే రాజై కూర్చుంటాడు. తనను వెళ్ళగొట్టవద్దని ముసలాయన వేడుకుంటే, వెళ్ళగొడతానని రెండు ముక్కల్లో చెబుతాడు. నవ్వు అక్కడే ఆగిపోతుంది. మన సంస్కృత నాటకాల విదూషకుడికి రాజు చేతిలో ఇలాంటి గతి పట్టదు. రెండో భాగం చివర, పట్టాభిషేకం ముగించుకుని వస్తున్న కొత్త రాజు హాల్, వెళ్ళగొడతానన్న మాట నిలబెట్టుకుంటాడు.

1642లో మూతబడిన నాటకశాలలు 1660లో తెరుచుకోగానే ఇది మళ్ళీ రంగమెక్కింది. పద్దెనిమిదో శతాబ్దిలోనూ ఆదరణ తగ్గలేదు. 1945లో ఓల్డ్ విక్ బృందంలో రాల్ఫ్ రిచర్డ్‌సన్ ఫాల్‌స్టాఫ్‌గా, లారెన్స్ ఒలివియే హాట్‌స్పర్‌గా నటించారు. ఆర్సన్ వెల్స్ రెండు భాగాలనూ కలిపి తీసిన సినిమా 'చైమ్స్ ఎట్ మిడ్‌నైట్' 1966లో కాన్ ఉత్సవానికి వెళ్ళింది. అందులో వెల్స్ స్వయంగా ఫాల్‌స్టాఫ్. జాన్ గీల్గుడ్ రాజు. చివర్లో ఫాల్‌స్టాఫ్ భారీ శవపేటికను బండి మీద నెట్టుకుంటూ పోతారు.