ఒంగోలు కాలువ పని

పరసేవ దైవారాధనయే అన్న క్రైస్తవ భావన ధాత కరవు (1876–78) కాలంలో ఒంగోలు ప్రాంతాన పలుగు, పారలతో ఆచరణకు వచ్చింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లఫ్ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని గుత్తకు తీసుకున్నారు. పూర్వం ఆయన సర్వేయరు. ఆ విద్య ఇక్కడ అక్కరకు వచ్చింది. బోధకులే మేస్త్రీలయ్యారు. తవ్విన మట్టికి కూలి ముట్టేది. ఆ కూలీలలో మాదిగలు అనేకులు.

అయితే కరవు సహాయం సాగుతున్నంతకాలం ఆయన బాప్తిస్మాలు నిలిపివేశారు. ఆకలి ప్రేరణతో కలిగే విశ్వాసాన్ని ఆయన అంగీకరించలేదు. సేవ ఆరాధనయే అయినప్పుడు దానికి ప్రతిఫలం కోరరాదు గదా!

సహాయం ఆగిన తరువాతనే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. అన్నం కోసం మతం మారారన్న విమర్శ ఉండనే ఉంది. అప్పటికి పంచడానికి అన్నం లేదన్న సంగతిని ఆ విమర్శ పరిగణించదు.